ఎడమచేతి వాటం

శాండీ కోఫాక్స్ అనే ఆయన అమెరికాలో పన్నెండేళ్ళు బేస్‌బాల్ ఆడాడు. అందులో మొదటి ఆరేళ్ళూ చెప్పుకోదగ్గవి కావు. చివరి అయిదేళ్ళనూ మాత్రం ఆ దేశంలో పెద్దవాళ్ళు యీనాటికీ కథలుకథలుగా చెప్పుకుంటారు. 1966లో, నిండా ముప్ఫయ్యొక్క యేళ్ళు రాకముందే, ఆట మాంచి పట్టుమీద వుండగా మానేశాడు. మరి యీయన్ని ఆ ఆటలో పుట్టిన మహామహుల సరసన కూర్చోబెట్టవచ్చునా, కూడదా? న్యూజెర్సీలో మా అమ్మాయి యింట నేనున్న ఆరు నెలలూ భోజనాల బల్ల దగ్గర యీ తగవు నలుగుతూనే వుండేది.

బేస్‌బాల్ యెరగనివారి కోసం రెండు మాటలు. క్రికెట్టులో బౌలరు యెలాగో అక్కడ పిచరు అలాగ. కాకపోతే బంతిని నేలకు కొట్టడు. మోచెయ్యి మడిచి, మామిడికాయ మీదికి రాయి విసిరినట్టు, అరవై అడుగుల ఆరంగుళాల దూరంనుంచి నేరుగా విసురుతాడు. బాటు పట్టినవాడు మూడు మంచి బంతుల్ని వదిలేసినా, కొట్టబోయి తప్పినా ఔటే. దాన్ని స్ట్రైక్ ఔట్ అంటారు. తొమ్మిది ఇన్నింగ్సుకు సగటున యెన్ని పరుగులు యిచ్చాడో లెక్కగట్టి పిచరు ఖాతాలో రాస్తారు. తోటివాళ్ళు బంతి జారవిడిచినందువల్ల వచ్చిన పరుగులు ఆ సగటులో కలపరు. ధర్మమైన పద్ధతే. ఆ సగటు మూడుకు లోపల వుంటే మంచి పిచరు. రెండుకు లోపల వుంటే ఆ యేటికి ఆయన్ని తాకేవాడు లేడన్నమాట.

కోఫాక్స్ 1935లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. పందొమ్మిదో యేట సొంతవూరి జట్టు డాడ్జర్స్‌లో చేరాడు. చేరేటప్పుడు పద్నాలుగువేల డాలర్లు బోనస్ యిచ్చారు. ఆ డబ్బే అతనికి శత్రువయింది. పెద్ద బోనస్ పుచ్చుకున్న కుర్రవాణ్ణి చిన్న జట్లకు పంపి తర్ఫీదు యిప్పించరాదని, రెండేళ్ళు పెద్ద జట్టులోనే వుంచాలని అప్పట్లో నిబంధన వుండేది. అక్షరాభ్యాసం కాకుండా కాలేజీలో కూర్చోబెట్టినట్టయింది. చేతిలో మెరుపు వుంది. ఆ మెరుపు యెటు పోతుందో అతనికే తెలియదు. 1960 ఆఖరుకు ముప్ఫయ్యారు గెలుపులు, నలభై ఓటములు. 1961 వసంతకాలపు సాధనలో నార్మ్ షెర్రీ అనే తోటి ఆటగాడు, కాస్త బలం తగ్గించి విసరవోయ్ అని సలహా యిచ్చాడు. తగ్గించేసరికి బంతి చెప్పినచోటికి పోవడం మొదలుపెట్టింది. వేగమూ పోలేదు!

ఆ తరవాత జరిగింది చూడండి. 1962 నుంచి 1966 దాకా అయిదేళ్ళూ వరసగా తన లీగులో అందరికంటె తక్కువ సగటు అతనిదే. ఆ అయిదేళ్ళలో 111 గెలుపులు, 34 ఓటములు. 1965లో 382 స్ట్రైక్ ఔట్లు. ఒక్క హిట్టు కూడా యివ్వని ఆటలు యేడాదికొకటి చొప్పున నాలుగు. నాలుగోది 1965 సెప్టెంబరు 9న, వచ్చిన యిరవై యేడుగురినీ వచ్చినట్టే వెనక్కి పంపిన ఆట. యేటేటా మేటి పిచరుకిచ్చే సై యంగ్ బహుమతి, రెండు లీగులకూ కలిపి ఒక్కటే వున్న ఆ రోజుల్లో, ముమ్మారు యేకగ్రీవంగా తెచ్చుకున్నాడు.

మా అల్లుడు లెక్కల మనిషి. అతనికి యిదంతా చాలదు. "మామయ్యగారూ, అయిదేళ్ళు కాసి యెండిపోయిన మామిడిచెట్టును తోటలో మేటి చెట్టని యెట్లా అంటామండీ?" అంటాడు. సై యంగ్ 511 ఆటలు గెలిచాడు. వాల్టర్ జాన్సన్ 417. కోఫాక్స్ మొత్తం కలిపి 165. పైగా 1962లో కట్టిన లాస్ ఏంజెలెస్ మైదానం పిచర్లకు కలిసొచ్చినది. 1963 నుంచి మంచి బంతి హద్దును పెంచారు. పిచరు నిలబడే దిబ్బ అప్పట్లో పదిహేనంగుళాల యెత్తు. 1969లో దాన్ని పదికి తగ్గించారు. దిబ్బ యెక్కి, సొంత మైదానంలో, పెద్ద హద్దులో విసిరితే సగటు తగ్గదా అని అతని వాదన.

యేమాటకామాటే చెప్పుకోవాలి, యిందులో నిజం వుంది. సొంత మైదానంలో యిచ్చిన పరుగులకంటె బయటి మైదానాల్లో కోఫాక్స్ యిచ్చినవి బాగా యెక్కువ. 2000లో పెడ్రో మార్టినెజ్ 1.74 సగటు తెచ్చినప్పుడు ఆ లీగు సగటు అయిదుకు దగ్గరగా వుంది. చుట్టూ వాన కురుస్తుంటే తడవకుండా నడిచినవాడు అతను. యేడాదికి యేడాది తూచితే పెడ్రోదే మొగ్గు అని నేనూ ఒప్పుకుంటాను.

కాని ఆ దిబ్బ, ఆ హద్దు అందరికీ వున్నవేగదా? మిగతావాళ్ళు 382 మందిని యెందుకు స్ట్రైక్ ఔట్ చెయ్యలేదు? కాలమే కొలత అయితే టామీ జాన్ సంగతేమిటి? యిరవయ్యారు సీజన్లు ఆడి 288 ఆటలు గెలిచాడు. పదిహేనేళ్ళు వరసగా అతని పేరు ఓటుకు పెట్టినా, కూపర్స్‌టౌన్‌లోని కీర్తిమందిరానికి కావలసిన నూటికి డెబ్భైయ్యయిదు ఓట్లు పత్రికలవాళ్ళు వెయ్యలేదు. ఆ పత్రికలవాళ్ళే 165 గెలుపుల కోఫాక్స్‌ను 1972లో మొదటి ఓటులోనే యెన్నుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు ముప్ఫయ్యారు.

అంకెలు చెప్పలేనివీ వున్నాయి. మన సి.కె. నాయుడుగారి టెస్టు లెక్క తీస్తే యేడు ఆటలు, 350 పరుగులు. అంతే. మన దేశానికి మొదటి టెస్టు దొరికేసరికి ఆయనకు ముప్ఫయ్యారేళ్ళు వచ్చాయి. అది ఆయన తప్పా? శాచెల్ పేజ్ నల్లవాడు కాబట్టి 1948 దాకా, నలభై రెండేళ్ళు వచ్చేదాకా, పెద్ద లీగు గుమ్మం తొక్కనివ్వలేదు. అతని పేరు యే పట్టీలో యెక్కడ రాయాలి? యిది అడిగితే మా అల్లుడు మజ్జిగ వడ్డించుకుంటాడు.

అసలు చిక్కు యింకోచోట వచ్చింది. మా మనవడికి పదిహేనేళ్ళు. వాడిదీ ఎడమచేతి వాటమే; బడి జట్టులో పిచరు. ఒక రాత్రి వాడి గదిలోంచి అమృతాంజనం వాసన గుప్పుమంది. వాళ్ళమ్మ వెళ్ళి చూస్తే మోచెయ్యి వాచి వుంది. మూడు వారాలనుంచి దాస్తున్నాడట. డాక్టరు, ఆ సీజనంతా బంతి విసరవద్దన్నాడు. "కోఫాక్స్ నొప్పితో ఆడలేదా తాతయ్యా? అందుకేగా గొప్పవాడన్నావు?" అని నన్ను నిలదీశాడు.

ఆడాడు, నిజమే. 1964 ఆగస్టులో బేస్ మీదికి వెనక్కి దూకుతూ మోచెయ్యి కొట్టుకున్నాడు. కీళ్ళవాతమన్నారు వైద్యులు. ఆ చేతితోనే మరి రెండేళ్ళలో యాభైమూడు ఆటలు గెలిచాడు. ఆటకు ముందు మిరపకాయల సత్తుతో చేసిన మంట పుట్టించే లేపనం చేతికి పులిమేవారు. గుర్రాలకు వాడే మందు మింగేవాడు. ఆట కాగానే చెయ్యి మంచునీళ్ళ తొట్టిలో. చివరికి ఆ చెయ్యి పూర్తిగా చాపటానికి రాలేదు. 1965 ప్రపంచ సీరీస్ మొదటి ఆట యూదుల పుణ్యదినాన పడితే ఆడనన్నాడు. అదే సీరీస్ యేడో ఆటకు రెండే రోజుల విశ్రాంతితో వచ్చి, వంపు బంతి పనిచెయ్యకపోతే ఉత్త వేగంతోనే ప్రత్యర్థికి ఒక్క పరుగూ యివ్వకుండా గెలిపించాడు.

యిదంతా మనవడికి ముందే తెలుసు. తరవాతి సగమే వాడికి పట్టలేదు. 1966లో 27 ఆటలు గెలిచి, 1.73 సగటుతో, దేశంలో తనకు సాటి లేనప్పుడే ఆ నవంబరులో విలేఖర్లను పిలిచి చాలు అన్నాడు. ఆట తరవాత యింకా చాలా యేళ్ళు బతకాలి, ఒళ్ళు పూర్తిగా పనిచేస్తూ బతకాలనుంది అన్నాడు. మా అల్లుడు యీ మానేసినదాన్ని లోటు కింద రాస్తాడు. నేను జమ కింద రాస్తాను. యింట్లో పిల్లవాడు వింటుండగా, ఓర్చుకున్నదొక్కటే గొప్ప, ఆపినది తక్కువ అని తీర్పు చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడికోసం తీర్పు మార్చానని అల్లుడి అభియోగం. మార్చలేదు, యెందుకిస్తున్నానో అప్పుడు గట్టిగా తెలిసింది. మనవడు జవాబు చెప్పలేదు గాని ఆ యేడు బంతి విసరలేదు. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి యెండలో నల్లబడ్డాడు.

కోఫాక్స్ ఆఖరి ఆట 1966 అక్టోబరు 6న. ఒకే ఇన్నింగ్సులో విల్లీ డేవిస్ చేసిన మూడు పొరపాట్లతో జట్టు వోడిపోయింది. సగటులో ఆ పరుగులు కలవలేదు గాని ఓటమి మాత్రం కోఫాక్స్ పేరే రాశారు.

ఆఖరికి పదిమంది పేర్లు యెవరికి వాళ్ళం కాగితంమీద రాసుకున్నాం. నేను వాల్టర్ జాన్సన్‌ను మొదట పెట్టి, కోఫాక్స్‌ను అయిదో చోట వుంచాను. మనవడు మొదటే పెట్టాడు. అల్లుడు బాగా ఆలోచించి, మామగారి మొహం చూసి, పదకొండో స్థానం యిచ్చాడు. పదిమంది పట్టీలో పదకొండోవాడు యెట్లా వస్తాడని ఫోనులో యింకా పోట్లాడుతూనే వున్నాను.