కంప్యూటరు పెత్తనం

ఇంట్లో పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలంటే వెనకటివాళ్లు బీరువా తాళంచెవులు ఎవరి బొడ్డున వేలాడుతున్నాయో చూసేవారు. ఈ రోజుల్లో అంత శ్రమ అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటరుకి ఎడ్మినిస్ట్రేటరు ఎవరని అడిగితే చాలు.

విండోస్ కంప్యూటర్లో ఖాతాలు రెండు రకాలు. ఎడ్మినిస్ట్రేటరుది పెత్తందారు ఖాతా. తక్కినవి మామూలు ఖాతాలు. మామూలు ఖాతావాళ్లు రాసుకోవచ్చు, చదువుకోవచ్చు, సినిమా చూసుకోవచ్చు. కాని అందరికీ పనికొచ్చే కొత్త ప్రోగ్రాము ఎక్కించాలన్నా, చివరికి గడియారంలో టైము మార్చాలన్నా పెత్తందారు పాస్‌వర్డు చెప్పమంటుంది. ఒకరు దాచుకున్న కాయితాలు ఇంకొకరు తెరవబోయినా అంతే. ఈ కట్టుబాటు మంచిదే. దొంగ ప్రోగ్రాము ఏదైనా మామూలు ఖాతాలో జొరబడితే చాలావరకు ఆ గదిలోనే ఆగిపోతుంది. యిల్లంతా దోచుకోలేదు.

మా యింట్లో ఆ పెత్తనం మా మామగారిది. ఆయన రిటైరయిన హెడ్‌మాస్టరు. కొడుక్కీ, కోడలికీ, మనవరాలికీ తలా ఒక మామూలు ఖాతా యిచ్చి, అసలు తాళం తన దగ్గర వుంచుకున్నారు. మాకూ హాయిగానే వుండేది. ఏ చిక్కు వచ్చినా ‘తాతగారూ!’ అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. అలాంటి మనిషి ఒక రాత్రి నిద్రలోనే వెళ్లిపోయారు. ఎవరికీ ఏమీ చెప్పే వ్యవధి దొరకలేదు.

పదోరోజు దాటాక అత్తగారి ఫామిలీ పెన్షను సంగతి వచ్చింది. మామగారి పెన్షను ఆర్డరు కాయితం ఎంత వెదికినా కనబడలేదు. ‘స్కాను చేసి కంప్యూటర్లో దాచాను’ అని ఆయన అన్నట్టు అత్తగారికి జ్ఞాపకం. కంప్యూటరు ఎదురుగానే వుంది. ఆయన ఖాతా మాత్రం తలుపు వేసుకుని కూర్చుంది.

బజార్లో రిపేరు కుర్రవాడు వచ్చి చూశాడు. ‘ఫార్మాటు కొట్టేద్దామండీ, కొత్తదానిలా అయిపోతుంది’ అన్నాడు.

‘అందులో వున్నవి?’ అని అడిగింది అత్తగారు.

‘అవి పోతాయమ్మా.’

‘అయితే నువ్వు వెళ్లిరా నాయనా’ అని ఆవిడ కాఫీ యిచ్చి పంపేసింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఒక దారి కనిపెట్టింది. మామగారిది ఇంటర్నెట్‌తో ముడిపడని ఖాతా, విండోస్ 10ది. 2018 నించీ అలాంటి ఖాతా పెట్టేటప్పుడు మూడు రహస్య ప్రశ్నలు వేసి జవాబులు రాయించుకుంటుంది. పాస్‌వర్డు తప్పు కొడితే, దాన్ని మార్చుకునే దారి ఒకటి కింద కనబడుతుంది. దాన్ని నొక్కితే ఆ మూడు ప్రశ్నలూ వస్తాయి. మూడింటికీ సరిగా చెబితే కొత్త పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. లోపలి కాయితాలు చెక్కుచెదరవు.

మీరు పుట్టిన వూరేది? మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి? చిన్నప్పుడు మిమ్మల్ని ముద్దుగా ఏమని పిలిచేవారు?

వూరు మాకు తెలుసు. ఆయన నోట ఎప్పుడూ బందరేగాని మచిలీపట్నం అన్న మాట రాలేదు. రెండోదానికి అత్తగారు తడుముకోకుండా ‘గౌరి’ అంది. అది వాళ్లింటి ఆవుదూడట. మూడోదాని దగ్గర అందరం ఆగిపోయాం. అత్తగారు కాపరానికి వచ్చేనాటికే ఆయన మేష్టరుగారు. ముద్దుపేరు పెట్టి పిలిచే పెద్దలు అప్పటికే లేరు.

మావారు బందరులో వున్న మేనత్తకి ఫోను చేశారు. ఆవిడకి ఎనభై దాటాయి. కంప్యూటరు ముట్టుకుని ఎరగరు. ప్రశ్న వినగానే ముందు నవ్వారు. తరవాత చాలాసేపు మాట లేదు.

‘పిచిక అనేదాన్నిరా వాణ్ణి. సన్నగా వుండేవాడు. ఆ పేరు పెట్టింది నేనే. మా అమ్మ పోయాక అలా పిలిచేదాన్ని నేనొక్కదాన్నే’ అన్నారు.

ఇంగ్లీషు అక్షరాల్లో పిచికని ఎన్ని విధాల రాయవచ్చో ఆ రాత్రి తెలిసింది. చివర కాకు ముందు ‘యు’ పెట్టాలా, ‘ఐ’ పెట్టాలా? ‘సి’ ఒకటా, రెండా? మూడోసారి తలుపు తెరుచుకుంది. పెన్షను ఆర్డరు దొరికింది. దాని పక్కనే అత్తగారి మందుల జాబితా, మా పెళ్లి ఖర్చుల లెక్కలూ వున్నాయి. ఆ ప్రశ్నలు మార్చేశాం గనక ఈ పేరు మీకు చెప్పగలుగుతున్నాను.

అన్ని యిళ్లకీ బందరులో మేనత్త వుండదు. అందుకని ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లు యిద్దరికైనా పెత్తందారు ఖాతాలు వుండాలి. అవి అవసరానికే. రోజువారీ పని మామూలు ఖాతాల్లో చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే పాస్‌వర్డు మార్చుకునే సంకేతం ఆ మనిషి ఫోనుకో, ఈమెయిలుకో వెళుతుంది. కనక సిమ్ము తొందరపడి తీసెయ్యకూడదు. డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి వుంటే దానికి 48 అంకెల తాళంచెవి వేరే వుంటుంది. అది కాయితం మీద రాసి బీరువాలో పెట్టుకోవలసిందే. పెత్తనం దాచుకోవడం తప్పుగాదు, అది చేతులు మారే దారి కూడా వుండాలి.

ఇప్పుడు మా యింట్లో రెండో పెత్తందారు అత్తగారు. ఖాతా పెడుతూ మనవరాలు ఆ మూడో ప్రశ్న ఆవిణ్ణీ అడిగింది. ఆవిడ సిగ్గుపడి, పిల్ల చెవిలో చెప్పింది. ఆ పేరు యిక్కడ రాయను. అది మా యింటి తాళంచెవి.