జానెడు రైలింజను

పెద్దపల్లి జంక్షనులో పనేమీ లేకుండా ఒక గంట కూర్చోవడం ఎవరికైనా సులువే. కాజీపేట నుంచి బల్లార్షా దాకా పోయే ఈ దారి 1929లో పూర్తయింది. మద్రాసుకూ ఢిల్లీకీ నడుమ సూటి మార్గం ఏర్పడింది దానితోనే. ఇక్కడినుంచే కరీంనగరం మీదుగా నిజామాబాదుకు మరో దారి చీలుతుంది. దానికి పునాదిరాయి పడింది 1993లో. 177 కిలోమీటర్లూ పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. రామగుండం వైపునుంచి సింగరేణి బొగ్గు నింపుకున్న గూడ్సు వస్తుంటే ప్లాట్‌ఫారం కాళ్ళకింద అదురుతుంది.

ఇట్టి ఊళ్ళో పుట్టిన పిల్లవాడు రైలింజను కావాలని మారాం చేయడంలో వింత ఏమున్నది? మా పక్కింటి దుకాణపు గుమాస్తా కొడుకు చేసేది అదే. ఒకనాడు ఆ తండ్రి నన్ను నిలవేశాడు. "సారూ, మీరు చదువుకున్నోళ్లు. ఏది కొంటే నాలుగేండ్లు నిలుస్తది? యేటికొకటి కొనుడు నాతోని కాదు."

తెలుగు ఎం.ఏ.కూ రైలింజనుకూ ఏ సంధి కుదురుతుందో నాకు తెలియదు. అయినా ఆ మాట మనసులో పడ్డది. అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా బొమ్మ ఇంజన్లే కంటబడసాగాయి.

ఓదెల మల్లన్న జాతరలో దొరికే ప్లాస్టిక్ ఇంజను సంగతి చెప్పనక్కరలేదు. జిగురుతో అతికించిన చక్రాలు సన్నని తీగ మీద తిరుగుతాయి. ఇంటికి చేరేదాకా నిలిస్తే మల్లన్న దయే!

ఇక పట్టాలమీద కరెంటుతో పరుగెత్తే నమూనా ఇంజను ఉన్నది. అసలుకు 87వ వంతు కొలతలో చేసేది ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. 58 పెట్టెల బొగ్గు గూడ్సును లాగే 123 టన్నుల డబ్ల్యు.ఎ.జి.-9 ఇంజను పొడవు సుమారు ఇరవైన్నర మీటర్లు. 87తో భాగిస్తే దాదాపు జానెడు! మన పట్టాల ఎడం 1676 మిల్లీమీటర్లు కనుక నమూనాలో పందొమ్మిది పైచిలుకు రావాలి. కాని ఆ కొలతకు దొరికే పట్టాలు పదహారున్నర మిల్లీమీటర్లవే. పిల్లలకు ఆ తేడాతో పనిలేదు లెండి.

మిత్రులొకరి ఇంట నడక మానేసిన ఇంజనొకటి విప్పి చూశాం. మోటారు చక్కగానే తిరుగుతున్నది. ఉక్కు ఇరుసుమీద బిగించిన ప్లాస్టిక్ పళ్ళచక్రం సన్నగా చీలిపోయింది. ఎప్పుడూ ఆ బిగువులోనే ఉండటంచేత ఏళ్ళు గడిచేకొద్దీ చీలుతుందట. చవక ఇంజను చావంతా అక్కడే ఉన్నది. ఆ ఒక్క చక్రం విడిగా దొరికితే అది పదేళ్ళ ఇంజను, దొరకకపోతే పెట్టెలో పెట్టవలసిన బొమ్మ. కొనేముందు అడుగున స్క్రూలున్నాయో జిగురున్నదో చూడండి. చక్రాలు లోహానివై, అన్నీ కరెంటు అందుకునేవైతే మరీ మంచిది. మన బొగ్గుధూళికి పట్టాలు వారానికొకసారి తుడవక తప్పదు.

ఖరీదైనవన్నీ శాశ్వతమనుకునేరు! లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హోర్న్‌బీగారి కంపెనీ 1920 నుంచి రైలు బొమ్మలకు పేరు గడించింది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు పోతపోసిన జింకు భాగాలు కొన్ని, అందులో రవ్వంత సీసం కలిసినందువల్ల, అల్మారాలో ఉండగానే పగిలి పొడి అయినాయి. ఎవరూ ముట్టుకోనైనా లేదు.

మనకు చేరువలోని నిర్మల్ బొమ్మలు పొనికి కర్రవి. తేలిక, మెత్తన, కంటికి పండుగ. కాని గచ్చుమీద ఈడ్చే ఆటకు పొనికి తగదని నా అభిప్రాయం. వేసవి సెలవుల్లో ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్ళినప్పుడు గుమాస్తా ప్రశ్నకు జవాబు దొరికింది. అక్కడ అంకుడు కర్రను లేతుమీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అదిమి పెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రంగు పైపూత కాదు కనుక పెచ్చులు లేవడం తక్కువ. ఒక ఇంజనూ మూడు పెట్టెలూ కొన్నాను.

ఉచితంగా పుచ్చుకోవడానికి గుమాస్తా ఒప్పుకోలేదు. రెండు నెలల్లో లెక్క తీర్చాడు. ఇంజను వచ్చి ఏడాది దాటింది. ముందు మూల కాస్త రంగు పోయింది. ఒక చక్రం ఊడితే వీధి చివరి వడ్లాయన వెదురు చీల కొట్టి ఇచ్చాడు, డబ్బు పుచ్చుకోలేదు. పిల్లవాడికి మాత్రం ఒక అసంతృప్తి మిగిలింది. గూడ్సుకు 58 పెట్టెలుంటాయని ఎవరో చెప్పారట. మిగతా యాభై అయిదూ ఎప్పుడు తెస్తారని కాలేజీకి పోతున్నప్పుడల్లా నన్ను అడుగుతున్నాడు.