పునాది దాకా ఎవరి డబ్బు?

30 మార్చి 2025, ఉగాది

సంఘం ఆడవాళ్లమంతా ఆటోల్లో హుజూర్‌నగర్ సభకు పోయొచ్చాం. రేషన్ సన్నబియ్యం పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడే మొదలుపెట్టారు. తిరుగుదారిలో బియ్యం ముచ్చట కాసేపే, తర్వాతంతా ఇందిరమ్మ ఇళ్లే. గ్రామ మహిళా సంఘం సహాయకురాలిని (వీఓఏను) కాబట్టి అందరూ నన్నే అడిగారు. రేషన్ కార్డు ఉండాలి, సొంత జాగా ఉండాలి, పక్కా ఇల్లు ఉండొద్దు, మంజూరు ఇంటి ఆడమనిషి పేరు మీద వస్తుంది. చెప్తే నాలుగు ముక్కలే. మా చిన్నమ్మ కోడలు వేరుపడి ఏళ్లయింది. పొయ్యి వేరు, అప్పులు వేరు, పేరు మాత్రం ఇంకా అత్త కార్డులోనే ఉంది. లెక్కలో ఆమెది ఒక ఇల్లే కాదు.

20 ఏప్రిల్

ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు మూడు. జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా కూడా లేనివాళ్లు ఎల్-2. మిగిలినవాళ్లు ఎల్-3. ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షలు ముందు ఎల్-1కే. నాట్లకు, కోతలకు పోయే కూలీల్లో చాలామంది ఎల్-2లో ఉన్నారు. అద్దె కట్టేది వాళ్లే, ఆగాల్సిందీ వాళ్లే. హుజూర్‌నగర్ రామస్వామి గుట్ట దగ్గరి మోడల్ కాలనీ ఇట్లాంటివాళ్ల కోసమే. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఉమ్మడి రాష్ట్రంలో గృహనిర్మాణ మంత్రిగా ఉన్నప్పటి పని అది, ఏళ్ల తరబడి మొండిగోడలతో నిలిచిపోయింది. అప్పుడు ఆశపెట్టుకున్నవాళ్ల పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లయ్యాయి. ఆలస్యానికి అద్దె కట్టింది వాళ్లే.

4 మే

మంజూరైనవాళ్ల ఇళ్లు చూసొచ్చాను. చిన్నమ్మ వాడకట్టులో అక్కది రేకుల ఇల్లు. మధ్యాహ్నం లోపల కూర్చోలేక పసిపిల్లను వేపచెట్టు కింద చీర ఉయ్యాలలో పడుకోబెట్టింది. నిరుడు సెప్టెంబరు 1 నాటి వానకు వెనకగోడ కూలింది. ఆ సందుకు పరదా కట్టుకుని ఉంటున్నారు. స్నానానికి మూడు వైపులా తడిక. పురుగూ పుట్రా భయానికి రాత్రంతా లైటు వేసే ఉంచుతారట. ఈ ఇంటికి అర్హత ఉందా అని ఎవరూ అడగక్కర్లేదు. ఆమె అడిగింది వేరే. "పైసలు ఎప్పుడొస్తయి చెల్లె?" పునాది లేచి, ఫొటో యాప్‌లో ఎక్కాక మొదటి లక్ష వస్తుంది అన్నాను. "మరి పునాదికి?" అంది.

9 జూన్, సోమవారం

అక్క వాళ్లకు ముగ్గు పోశారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. ఇసుక ఉచితమే, ట్రాక్టరు కిరాయి మనదే. కంకర, సలాక, సిమెంటు, మేస్త్రీ గుత్త అన్నీ ముందే కావాలి. బావ మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద బస్తాలు మోస్తాడు, జీతం చీటీ లేదు. జాగా గ్రామకంఠం, రిజిస్టరు కాగితం లేదు. బ్యాంకుకు ఈ రెండూ కావాలి. మొన్న 6న రిజర్వు బ్యాంకు రెపో రేటును 5.50 శాతానికి తగ్గించింది. పట్నంలో కాగితాలున్నవాళ్లకు ఇంటి అప్పు 8 శాతం దరిదాపుల్లో దొరుకుతుంది. పీఎం ఆవాస్ అర్బన్ 2.0 కింద అర్హులకు రూ. 1.80 లక్షల దాకా వడ్డీ రాయితీ కూడా ఉంది. అక్కకు దొరికింది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఉన్నవాళ్లకు వడ్డీ తగ్గుతుంటే లేనివాళ్లకు మూడింతలు పడుతోంది.

14 జూలై

తిరుమలగిరిలో కొత్త రేషన్ కార్డులు పంచారు. చిన్నమ్మ కోడలి పేరు వేరే కార్డులోకి వచ్చింది. ఇక ఇంటి దరఖాస్తుకు దారి తెరుచుకుంది.

27 జూలై, గ్రామ సంఘం మీటింగు

పునాది మొదలుపెట్టలేనివాళ్లకు సంఘాల నుంచి లక్ష దాకా అప్పు ఇవ్వాలని ప్రభుత్వం చెప్పింది. మంచి మాట. కానీ కిస్తీలు కడుతున్న పాత అప్పులుంటే మళ్లీ అప్పు ఇవ్వడానికి తోటి సభ్యులే జంకుతారు. వాళ్లను తప్పుపట్టలేను, ఒకరు కట్టకపోతే పదిమంది మీద పడుతుంది. మీటింగులో ఒకామె లేచి, "మంజూరు కాగితం నా దగ్గరున్నది, ముగ్గు పోసేతందుకు భయమైతుంది" అంది. చాలామంది తలలూపారు.

ఈసారి మినిట్స్ బుక్‌లో నేనే తీర్మానం రాశాను: గోడ కూలినవాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు సంఘం అప్పులో మొదటి వరస. మొదటి లక్షలో సగమైనా ముగ్గు పోసిన రోజే ఇవ్వాలని కలెక్టరుకు అర్జీ. కట్టాక ఇస్తే దుర్వినియోగం ఆగుతుందన్న మాట నిజమే. కానీ ఆ కాపలా ఖర్చు మాత్రం అందరికన్నా లేనివాళ్ల మీదే పడుతోంది. లేదని రుజువు చేసుకున్న మనిషిని ముందు నువ్వు పెట్టుకో అనడం న్యాయం కాదు. సంతకాలు, వేలిముద్రలు అన్నీ పడ్డాయి. సోమవారం ప్రజావాణికి సూర్యాపేట పోతున్నాం.