ఊరికే చేశాను

బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య మాటలెలా నడుస్తాయో టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను పోస్టాఫీసు కౌంటర్ని గుర్తుచేస్తాను. మీరే వెళ్ళి అడగాలి. అడిగితే కౌంటర్లో మనిషి జవాబిస్తాడు. అడక్కపోతే కుర్చీలోంచి లేవడు. హెచ్‌టీటీపీ మొదట్నుంచీ ఇంతే. ఒక పేజీ తెరిచి చదువుకోడానికి ఇది చాలు. ఆఫీసుల్లో వాడే అప్లికేషన్లకి మాత్రం చాలదు. సరుకు బయల్దేరింది, పేమెంట్ ఆగిపోయింది, గదిలో వేడి పెరుగుతోంది... ఇవన్నీ ముందు సర్వర్‌కి తెలుస్తాయి. స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి ఎలా చేరాలి?

మొదటి ఉపాయం పోలింగ్. బ్రౌజర్ ఐదు సెకన్లకోసారి అడుగుతుంది. ఏమైనా ఉందా? లేదు. ఏమైనా ఉందా? లేదు. రైలెక్కిన పిల్లలు ‘ఊరొచ్చేసిందా?’ అని ప్రాణం తీసినట్టు. 300 మంది ఆ పేజీ తెరిచి పెట్టుకుంటే సెకనుకి 60 ప్రశ్నలు. తర్వాత లాంగ్ పోలింగ్ వచ్చింది: అడిగిన ప్రశ్నకి సర్వర్ వెంటనే జవాబివ్వకుండా, చెప్పాల్సింది ఏదైనా దొరికేదాకా పట్టుకుని కూర్చుంటుంది. ఇలాంటి ఉపాయాలన్నిటికీ కలిపి 2006లో అలెక్స్ రస్సెల్ ‘కామెట్’ అని పేరు పెట్టాడు. అంతకుముందే వచ్చిన పేరు ‘అజాక్స్’. అమెరికాలో రెండూ సింకులు తోమే పౌడర్ల పేర్లు. ఆ తర్వాత సర్వర్ ఒక్కటే మాట్లాడే ఈవెంట్‌సోర్స్, రెండువైపులా మాట్లాడుకునే వెబ్‌సాకెట్ వచ్చాయి. వెబ్‌సాకెట్ 2011 డిసెంబర్‌లో ప్రమాణంగా స్థిరపడింది. కౌంటర్లో మనిషి ఎట్టకేలకి లేచి మన ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

కొన్నేళ్ళ కిందట ఒక మందుల గోడౌన్ కోసం మేమొక అప్లికేషన్ చేశాం. అక్కడ వాక్సిన్లు దాచే చల్లగదులున్నాయి. చాలా వాక్సిన్లని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. సెన్సర్లు సర్వర్‌కి చెప్తాయి, సర్వర్ స్క్రీన్‌కి చెప్తుంది, రాత్రి డ్యూటీలో ఉన్నతను స్క్రీన్ చూస్తుంటాడు. ఫోన్లకి వెళ్ళే అలారం రెండో దశలో పెడదామనుకున్నారు. పాత పోలింగ్ తీసేసి ఈవెంట్‌సోర్స్ పెట్టింది నేనే. సమాచారం వెళ్ళేది ఒకవైపే కాబట్టి అది చాలు. అక్కడితో ఆగలేదు. అర డిగ్రీ మారితే తప్ప మెసేజ్ పంపొద్దని ఒక షరతు కూడా రాశాను. మారనిదాన్ని పదే పదే చెప్పడం దేనికి? రివ్యూలో అందరూ బావుందన్నారు. నాకూ బాగానే అనిపించింది.

ఒక రాత్రి స్క్రీన్ మీద 4.1 అని ఉంది. తెల్లవారుజామున మూడింటికీ 4.1. ఆరింటికి డ్యూటీ మారి, కొత్తగా వచ్చినతను గది తలుపు తీస్తే లోపల చల్లదనమే లేదు. కంప్రెసర్ ఆగిపోయి గంటలైంది. సెన్సర్ చెప్తూనే ఉంది. సర్వర్ రాసుకుంటూనే ఉంది. స్క్రీన్ మాత్రం అర్ధరాత్రి దగ్గరే నిలబడిపోయింది. ఆ గదిలో సరుకంతా పారేశారు.

కారణం వెతకడానికి రెండ్రోజులు పట్టింది. ముందురాత్రి గంటకు పైగా ఉష్ణోగ్రత మారలేదు. కాబట్టి, నా షరతు ప్రకారం, సర్వర్ ఏమీ పంపలేదు. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ ఈ కనెక్షన్ని ఎవరూ వాడట్లేదనుకుని తన పట్టికలోంచి కొట్టేసింది. ఇటూ చెప్పలేదు, అటూ చెప్పలేదు. కంప్రెసర్ ఆగాక సర్వర్ పంపినవన్నీ ఆ గోడ దగ్గరే రాలిపోయాయి. పావుగంట సేపు మళ్ళీ మళ్ళీ పంపి చూసి, చివరికి ‘క్లయింట్ వెళ్ళిపోయాడు’ అని లాగ్‌లో ఒక లైను రాసి ఊరుకుంది. ఎవరైనా ట్యాబ్ మూసేసినా పడేది ఆ లైనే. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఇక బ్రౌజర్. అది వినడమే తప్ప మాట్లాడదు. లైను తెగిపోయిందో, అవతల చెప్పడానికేమీ లేదో వినేవాడికెలా తెలుస్తుంది? పక్కన పచ్చచుక్క పెట్టుకుని తెల్లారేదాకా అలాగే వింటూ కూర్చుంది.

నేను అప్పుడప్పుడూ కథల మీద నాలుగు మాటలు రాస్తుంటాను. రచయిత చెప్పకుండా వదిలేసిన చోట్లని మెచ్చుకోవడం నాకో అలవాటు. కథలో మౌనం ఎవరో తెలిసి ఉంచింది. వైరు మీద మౌనానికి ఆ హామీ లేదు. ‘అంతా బానే ఉంది’, ‘అంతా పోయింది’ రెండూ ఒకేలా వినిపిస్తాయి.

మందు పాతదే, హార్ట్‌బీట్. 15 సెకన్లకో మారు కోలన్‌తో మొదలయ్యే ఉత్త లైను ఒకటి పంపొచ్చని ఈవెంట్‌సోర్స్ స్పెసిఫికేషన్లోనే ఉంది. చదివాను కూడా. పొదుపు కోసం వదిలేశాను. తీరా పెట్టబోతే ఇంకో సంగతి తెలిసింది. ఆ లైను మధ్యలోని యంత్రాల్ని మేలుకొలుపుతుంది గానీ పేజీలో మన కోడ్ దాకా రాదు, బ్రౌజరే మింగేస్తుంది. అందుకని టైము తప్ప ఇంకేమీ లేని ఒక నిజం ఈవెంటే పంపాం. వరసగా మూడు రాకపోతే, అంటే 45 సెకన్లకి, పేజీ పచ్చచుక్క తీసేసి, అంకెని బూడిదరంగులోకి మార్చి, ‘ఇది పాత అంకె’ అని చెప్తుంది. ఆఖరున అందిన మెసేజ్ నంబరు చెప్పి, మిగతావి ఇమ్మని కొత్త కనెక్షన్ అడుగుతుంది.

ఆ మార్పులు పెట్టిన వారాంతం తెనాలి వెళ్ళాను. నాన్న ఎడమచేతి మీద సూది గుచ్చిన చోట కమిలి ఉంది. డెంగీ అట. మూడ్రోజులు సెలైన్ ఎక్కించారట.

“నాకెందుకు చెప్పలేదు?”

“పనుంటేనే చెయ్యమన్నావు కదరా,” అంది అమ్మ. “జ్వరానిక్కూడా నిన్ను కదిలించడం దేనికని మీ నాన్నే వద్దన్నాడు.”

అన్నాను. నాన్న రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేవాడు. ‘ఏంటి నాన్నా?’ అంటే ‘ఏం లేదు, ఊరికే చేశాను’ అనేవాడు. ఒకరోజు ప్రొడక్షన్ కాల్‌లో ఉండగా చేస్తే, పనుంటేనే చెయ్యి అని విసుక్కున్నాను. మర్నాటి నుంచి రాలేదు. ఫోన్ రాలేదు కాబట్టి బానే ఉన్నారనుకున్నాను. నేనూ చెయ్యలేదు. అర డిగ్రీ షరతు ఇంట్లోనూ నేనే పెట్టాను. ఎంత మారితే మారినట్టో ఆ లెక్క మాత్రం వాళ్ళకి వదిలేశాను.

ఇప్పుడు నాన్న రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీల బొమ్మతో గుడ్‌మార్నింగ్ పంపుతాడు. మ్యూట్ తీసేశాను. ఏడున్నర దాటినా రాకపోతే నేనే చేస్తాను.

“ఏంరా, ఇంత పొద్దున్నే?” అంటాడు కంగారుగా.

“ఏం లేదు నాన్నా. ఊరికే.”