సియానుల హాజరు పుస్తకం

ఛత్తీస్‌గఢీ భాషలో ‘సియాన్’ అనే మాట ఒకటి ఉన్నది. వయసు మళ్ళినవాడు, ఇంటికి పెద్ద, లోకానుభవం గలవాడు అనే అర్థాలు ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటాయి. మన ‘పెద్దాయన’ దానికి బాగా దగ్గరి మాట. బదిలీపై సీపత్‌కు వచ్చిన కొత్తలో ఈ మాటను మేము చెవులతో మాత్రమే విన్నాము. దాని బరువు తెలియడానికి ప్రతి ఆదివారం తెల్లవారుజామున నాలుగు కిలోమీటర్లు పరుగెత్తవలసి వచ్చింది.

మా నివాస సముదాయంలో పరుగు అలవాటు ఉన్నవారు ఎప్పుడూ కొందరు ఉంటూనే ఉన్నారు. షిఫ్టు డ్యూటీలు, కంట్రోల్ రూములో గంటల తరబడి కూర్చోవడం, ఇంటికి వచ్చి మళ్ళీ కూర్చోవడం, వీటి ఫలితం వార్షిక వైద్య పరీక్షల కాగితాలలో కనబడుతూనే ఉంటుంది. పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ గాని, అందులో సగం సమయం గట్టి శ్రమ గాని అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. యాభై దాటిన మా వంటివారికి ఈ లెక్క తెలియనిది కాదు. అయినా కాలనీ లోపలి రోడ్డు చుట్టూ గానుగెద్దు వలె ఎన్నాళ్ళు తిరగగలరు? మూడు వారాలు పరుగెత్తడం, నాలుగో వారం మానివేయడం, ఇదే అందరి వరుస.

2023 నవంబరులో మా విభాగంలోని ఒక యువ ఇంజనీరు లండన్ నగరంలోని ‘గుడ్‌జిమ్’ అనే సంస్థ సంగతి చెప్పాడు. 2009లో ఐవో గోర్మ్‌లీ అనే ఆయన దానిని ప్రారంభించారు. వ్యాయామశాలలో యంత్రాల మీద ఊరికే ఖర్చయ్యే శక్తిని ఎవరికైనా పనికివచ్చే వైపు మళ్ళించడం దాని ఉద్దేశం. సభ్యులు గుంపుగా పరుగెత్తి వెళ్ళి, ఏదో ఒక సామాజిక కేంద్రంలో తోటపనో సామాను మోతో ముగించి, తిరిగి పరుగెత్తి వస్తారు. మరికొందరు వారం వారం ఒంటరిగా ఉన్న ఒక వృద్ధుని ఇంటికి పరుగున వెళ్ళి కాసేపు కబుర్లు చెప్పి వస్తారు. ఆ వృద్ధుని వారు ‘కోచ్’ అని పిలుస్తారు. విన్నవారికి ఈ పిలుపు మొదట వింతగానే తోచింది. ఆలోచిస్తే సబబే. ఒక మనిషి మన కోసం ఎదురు చూస్తూ ఉంటే పరుగు మానడానికి కాలు రాదు గదా. మానకుండా చేసేవాడే శిక్షకుడు.

మన దగ్గర ఆ పద్ధతికి అనువైన చోటు కోసం వెదకనవసరం లేకపోయింది. కాలనీ గేటు నుండి నాలుగు కిలోమీటర్ల లోపే ఒక గ్రామం ఉన్నది. ఊరి మధ్య ‘సాముదాయిక భవన్’. ఉదయం పూట ఇరవై మంది దాకా వృద్ధులు అక్కడ చేరుతారు. కొడుకులు కోడళ్ళు పనుల మీద బిలాస్‌పూర్‌కో, ఇంకా దూరానికో పోతారు. ఇంట్లో మాట్లాడే దిక్కు ఉండదు. పెద్ద రోడ్డు మీద లారీల రాకపోకలు ఎక్కువ కాబట్టి మేము చెరువు గట్టు దారిని ఎంచుకున్నాము. ఛత్తీస్‌గఢ్ పల్లెలకు చెరువులకు కొదువ లేదు. ఏప్రిల్, మే నెలలలో ఇక్కడి ఎండ సంగతి తెలిసినవారికి ఐదు గంటలకే బయలుదేరడం ఎందుకో వివరించనక్కరలేదు.

చేసిన పనులు పెద్దవేమీ కావు. భవనం ముందున్న మెట్లు ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాలకు పైనే ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్న ఆడవారు వాటి మీద చేతులు ఆనించి, పాకినట్లు ఎక్కేవారు. తలా కొంత వేసుకొని, ఊరి తాపీమేస్త్రి చేత మెట్ల మధ్య మెట్లు కట్టించి, ఎత్తు సగానికి తగ్గించాము. ప్రక్కన ఇనుప పైపుతో చేపట్టు కమ్మీ పెట్టాము. ఆ కమ్మీని ముందు పట్టుకొని చూచినవాడు ఊరి సర్పంచ్ కాదు. రెండేళ్ళుగా లోపలికి రాలేక గుమ్మం దగ్గరే కూర్చుంటున్న ఒక ముసలమ్మ. ఆ తరువాత కుర్చీలో నుండి చేతి ఆసరా లేకుండా లేవడం, ఒంటికాలి మీద కొద్ది క్షణాలు నిలబడడం వంటి తేలిక వ్యాయామాలు అందరమూ కలిసి చేయసాగాము. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులైనా నిలకడకూ కండబలానికీ సంబంధించిన కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలలోనే ఉన్నది. పడిపోకుండా ఉండడమే ఆ వయసులో పెద్ద ఆరోగ్యం.

పరుగెందుకు, వాహనంలో పోరాదా అని మమ్మల్ని అడిగినవారున్నారు. ఈ ప్రశ్నకు జవాబు మాకు మొదటి వారంలోనే దొరికింది. మా వెంట నీళ్ళ సీసాలు తీసుకువెళ్ళాము. వగరుస్తూ భవనం ముందు నిలబడి మేము సీసాల మూతలు తీయబోతుండగా ఒక ‘దాఈ’, అంటే అమ్మ, లోపలి నుండి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి, సీసాల వంక ఒక చూపు చూసి, చెంబు చాచి నిలబడింది. ఆ చూపుతో సీసాలు సంచులలోకి పోయాయి. మళ్ళీ బయటికి రాలేదు. వాహనంలో దిగినవాడు ఇవ్వడానికి వచ్చినవాడు. పరుగెత్తి వచ్చినవాడు దప్పికతో వచ్చినవాడు. ఇంటి ముందుకు దప్పికతో వచ్చినవానికి నీళ్ళిచ్చే హక్కు ముసలివారిది. ఆ హక్కును వారి చేతి నుండి ఎవరూ అడిగి పుచ్చుకోక ఎన్నాళ్ళయిందో!

అంతకు ముందు ఎవరో ఒక చలికాలంలో జీపులలో వచ్చి దుప్పట్లు పంచి, వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసుకొని వెళ్ళారట. దుప్పట్లు మంచివేనని వారే చెప్పారు. ‘పేరు మాత్రం ఎవరూ అడగలేదు’ అన్నారు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఆ బృందంలోని ఒక ‘బబా’, అనగా తాతగారి సంగతి చెప్పాలి. ఎనభై దాటిన మనిషి. రైల్వేలో కీమన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. చేత సుత్తి పట్టుకొని దినదినమూ తన బీటు పొడవునా పట్టాల వెంట నడచి, వదులైన కీలను బిగించడం కీమన్ పని. సుత్తి దెబ్బ శబ్దాన్ని బట్టి ఏది వదులో చెప్పగల చెవి ఆయనది. మేము వచ్చే వేళకు చెరువు గట్టు చివర నిలబడి, చేతి గడియారం చూసుకొని, ఒక నోటు పుస్తకంలో ఎవరెప్పుడు వచ్చారో వ్రాసేవారు. వ్రాయమని ఎవరూ కోరలేదు. రానివారి పేరు ఎదుట ‘నఇ ఆయిస్’ అని రెండు మాటలు. రాలేదు అని అర్థం. ఒకనాడు మా కుర్రవాళ్ళలో ఒకరిని ఆపి, ‘నీ ఎడమ అడుగు ఆలస్యంగా పడుతున్నది’ అన్నారు. ఆ అబ్బాయి మోకాలి నొప్పిని నెల రోజులుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడని తరువాత తేలింది. లండన్ వారి ‘కోచ్’ అనే పిలుపు మాకు సీపత్‌లో అర్థమైనది ఆనాడే.

ఇక మా తల్లిగారి మాట. శ్రీకాకుళం జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. 2022లో మా తండ్రిగారు పోయిన తరువాత మాతో ఇక్కడికి వచ్చారు. మన కాలనీలలో ఇటువంటి అమ్మలు, అత్తగార్లు ఎందరో ఉన్నారు. హిందీ రాదు. టీవీలో తెలుగు ఛానళ్ళు, ఫోనులో తెలుగు మాటలు, బాల్కనీలో రెండు తులసి కుండీలు. మేము విధులకు, కోడలు బడికి. సాయంత్రం వచ్చి ‘ఏం చేశావమ్మా’ అంటే, ‘ఏముంది నాయనా, కూర్చున్నాను’ అనేవారు. దినదినమూ అదే జవాబు వినడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు.

ప్రథమ చికిత్స పెట్టె, పనిముట్లు తెచ్చే కారులో ఒక ఆదివారం ఆమెను వెంటబెట్టుకు వెళ్ళాము. కారు దిగి బెరుకుగా నిలబడిన ఆమెను చూచి బబా, ‘ఏటమ్మా, బాగున్నావేటి?’ అన్నారు. అచ్చమైన శ్రీకాకుళపు పలుకు! బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఉత్తరాంధ్ర జిల్లాల వారు పనుల కోసం ఈ లైను వెంట వచ్చి, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తరాలుగా స్థిరపడిన సంగతి చరిత్ర. వారితో గ్యాంగులలో కలిసి పనిచేసిన ఈ ఛత్తీస్‌గఢీ మనిషికి ఓ నలభై తెలుగు మాటలు అబ్బాయి. ఆ నలభై మాటలతోనే మా అమ్మ ఆ ఊరిలో ప్రవేశించారు. ఆమె ఆయనను ‘అన్నయ్యగారూ’ అని పిలిచేవారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉదయం తినే ‘బోరే బాసి’ని చూచి, ‘ఇది మన చద్దన్నమే గదా’ అని ఉల్లిపాయ అడిగి మరీ తిన్నారు. అది మొదలు శనివారం సాయంత్రమయ్యే సరికి, ‘రేపు మీ పరుగు ఉందా, లేదా?’ అని ఆమె ప్రశ్న. లేదనడానికి ఎవరికి నోరు వస్తుంది?

2024 నవంబరులో బబా పింఛను కోసం జీవన ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చింది. 2014 నుండి అమలులో ఉన్న ‘జీవన్ ప్రమాణ్’ పద్ధతిలో వేలిముద్ర పెడితే చాలు, కార్యాలయానికి పోనక్కరలేదు. కాని ఇనుముతో జీవితమంతా పనిచేసిన ఆ వేళ్ళ మీద గీతలు మిగలలేదు. యంత్రం ఎన్నిసార్లు పెట్టినా గుర్తించలేదు. ఫోను కెమెరాతో ముఖాన్ని గుర్తించే సదుపాయం 2021 నుండి ఉన్నది. మా కుర్రవాళ్ళు చెట్టు నీడలో ఆయనను కూర్చోబెట్టి, కళ్ళు ఆర్పమని చెప్పి, పని పూర్తి చేశారు. ‘బ్రతికే ఉన్నానని ఒప్పుకుందా?’ అని ఆయన నవ్వారు. ఆ ఉదయం మరి ఐదుగురికి ఆ పని జరిగింది. పరుగు ఆలస్యమైందని ఎవరూ గొణగలేదు.

ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? మా కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు, 660 మెగావాట్లవి మూడు యూనిట్లు, 500 మెగావాట్లవి రెండు. చల్లారిన యూనిట్‌ను మళ్ళీ వెలిగించడానికి ఎంత చమురు, ఎంత సమయం కావాలో, వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే టర్బైన్ లోహానికి ఎంత హానియో మన పాఠకులకు తెలిసినదే. ఏడాదికొకసారి వృద్ధుల దినోత్సవం నాడు, అక్టోబరు 1న, దండలతో బయలుదేరే సేవ పీక్ లోడ్ వంటిది. ముసలివారికి కావలసినది బేస్ లోడ్. తక్కువైనా సరే, ఆగకూడదు. పెద్ద కార్యక్రమం చేద్దాం, బ్యానరు కడదాం అని మిత్రులు కొందరు ఉత్సాహపడినప్పుడు మేము ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

2025 జనవరిలో, మంచు బాగా పట్టిన ఒక వారంలో, బబా నిద్రలోనే పోయారు. ఆ ఆదివారం పరుగు వద్దని కొందరు, నడిచి వెళ్దామని కొందరు అన్నారు. చివరకు పరుగెత్తే వెళ్ళాము. గట్టు చివర ఎవరూ లేరు. భవనంలో ఆయన భార్య నోటు పుస్తకాన్ని తెచ్చి చాప మీద పెట్టారు. ఆ వారం తేదీ ఆయన ముందుగానే వ్రాసి, గీతలు గీసి ఉంచారు. పేర్లు ఉన్నాయి, గడులు ఖాళీగా ఉన్నాయి. ఊరి పెద్దలలో చదువు వచ్చినవారు ఒకరిద్దరున్నా ఎవరూ దానిని ముట్టుకోలేదు. కాసేపటికి మా తల్లిగారు దానిని ఒడిలోకి తీసుకొని, కలం అడిగారు.

నేటికీ ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉన్నది. వ్రాత తెలుగులో. ఊరివారెవరూ చదవలేరు, అయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గట్టు చివర కుర్చీ వేసుకొని, బబా భార్య గడియారం చూసి వేళ్ళతో చూపగా, ఈమె వ్రాస్తారు. ఈ మధ్య రాత్రి షిఫ్టు వల్ల రాలేకపోయిన ఒక సహోద్యోగి తన పేరు ఎదుట ‘రాలేదు’ అని ఉండడం చూచి, ‘డ్యూటీ అమ్మా, కావాలని మానలేదు’ అని మొరపెట్టుకున్నాడు. ఆమె కళ్ళజోడు సవరించుకొని, ‘డ్యూటీ అని ప్రక్కన వేరే వ్రాస్తాను నాయనా. రానిది మాత్రం రానిదే గదా’ అన్నారు.