మెదక్ పల్లెలో పిల్లల పండుగ

హైదరాబాద్ నుంచి మెదక్‌కు రెండు దారులున్నాయి. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట మీదుగా పోయేది జాతీయ రహదారి. బాలానగర్, నర్సాపూర్, కౌడిపల్లి మీదుగా పోయేది అడవి దారి. ఎటు పోయినా దాదాపు వంద కిలోమీటర్లే. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా 17 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం కూడా వచ్చింది. కానీ ముసలివాళ్లు, చంటిపిల్లలు, స్టీలు డబ్బాలు, కొత్త బట్టల సంచులు అన్నీ కలిసి కదిలేటప్పుడు మాట్లాడుకున్న బండే మేలు. డిసెంబరు 24 పొద్దున మా అక్కాబావల కుటుంబం, బావ తమ్ముడి కుటుంబం, నేను, నా పిల్లలు అంతా ఒకే బండిలో నర్సాపూర్ దారి పట్టాం. మెదక్‌కు ఇవతల ఉన్న పల్లె బావ వాళ్ల సొంతూరు. ఏటా క్రిస్మస్‌కు ఎక్కడెక్కడి వాళ్లూ అక్కడికే చేరతారు.

నర్సాపూర్ అడవి దాటాక రోడ్డు పక్కన అనపకాయల కుప్పలు, రేగుపళ్ల గంపలు మొదలయ్యాయి. బండి ఆపించి అనపకాయలు కొన్నది అక్కే. తన అత్తమ్మకు అవంటే ప్రాణం.

ఊళ్లో దిగేసరికి బావ వాళ్ల నాన్న వాకిట్లో వెదురు బద్దలు చీలుస్తూ కూర్చున్నారు. బజారులో ప్లాస్టిక్ నక్షత్రాలు ఎన్ని రకాలొచ్చినా ఈ ఇంటి ముందు వేలాడేది చేత్తో కట్టిన నక్షత్రమే. దాన్ని కట్టే పని పిల్లలది. ఒక్కో చట్రానికి ఐదు బద్దలు. అలాంటివి రెండు చట్రాలు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొనల దగ్గర దారంతో బిగించి కట్టాలి. ఆ తర్వాత లోపలి ఐదు మూలల్లో రెండు చట్రాల మధ్య జానెడు పుల్లలు నిలబెడితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది, బల్బుకు చోటు దొరుకుతుంది. పుల్ల నిలబెట్టే పనికి చిన్న వేళ్లే కావాలి. ఆరేళ్ల పిల్ల నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కో పుల్లా ఇరికిస్తుంటే తాత దారం ముడి వేస్తూ పోయారు. మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అంటించే పని పెద్దపిల్లలకు వచ్చింది. జిగురు సగం కాగితానికి, సగం గౌన్లకు అంటింది.

"తాతా, మా అపార్ట్‌మెంట్‌ల స్టార్‌కు రంగులు వాటంతటవే మారతాయి" అన్నాడు హైదరాబాద్ మనవడు.

"ఇది నువ్వు కట్టిన స్టార్ బిడ్డా. గాలికి చిరిగితే మళ్ల నువ్వే అతికిస్తవు" అన్నారు ఆయన, తలెత్తకుండానే.

ఆ ఇంట్లో పండుగ జరిగే తీరంతా ఆ మాటలో ఉంది. అక్కడ పిల్లలు పండుగ చూడటానికి రారు, చేయడానికి వస్తారు. నగరాల్లో ఇప్పుడు పిల్లల క్రిస్మస్ అంటే మాల్‌లో పెట్టిన పెద్ద చెట్టు దగ్గర ఫొటో, ఆన్‌లైన్‌లో తెప్పించిన బొమ్మ, క్రిస్మస్ తాత విసిరే చాక్లెట్లు. వాటిని తప్పు పట్టనక్కరలేదు, పిల్లలకు అవీ ఇష్టమే. అయితే ఏటా కొనిపెట్టే పండుగ కంటే ఏటా తమ చేతులు పడే పండుగ వాళ్లకు ఎక్కువగా సొంతమవుతుంది. ఈ పల్లెలో అది కళ్లారా కనిపిస్తుంది.

వంటింట్లో అత్తమ్మ, ఆమె కోడళ్లు, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ పొయ్యి చుట్టూ చేరారు. మురుకులు అప్పటికే అయ్యాయి. గరిజెలు సగంలో ఉన్నాయి. తర్వాతివి గులాబీ పువ్వులు. ఇంగ్లీషువాళ్ల కాలం నుంచి సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఇళ్లలో రోజ్ కుకీలుగా పేరున్న ఈ వంటకం తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఎప్పుడో సొంత పిండివంటైపోయింది. బియ్యప్పిండి, మైదా, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు కలిపిన జారు పిండి ఒక గిన్నెలో, పొడుగు కాడ ఉన్న ఇనుప అచ్చు కాగే నూనెలో. అచ్చు బాగా కాలాక తీసి పిండిలో ముంచాలి. ముప్పాతిక వంతు వరకే ముంచాలి, అంచు పైకి పిండి ఎక్కిందా పువ్వు అచ్చును వదలదు. మళ్లీ నూనెలో పెట్టి కాస్త ఆడిస్తే పువ్వు విడిపోయి తేలుతుంది. పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వరు కాబట్టి వాళ్ల పని గరిజెల దగ్గర. పూరీలో కొబ్బరి, పుట్నాలపొడి, పంచదార కలిపిన పొడి పెట్టి మడిచి, అంచులు తడిచేసి నొక్కడం. సరిగా నొక్కకపోతే నూనెలో విచ్చుకుంటుంది. విచ్చుకున్నది ఎవరిదో వాళ్లే తినాలన్నది అత్తమ్మ పెట్టిన రూలు. అందుకని కొందరు కావాలనే వదులుగా నొక్కారు.

సాయంత్రం ఊరి చర్చిలో సండే స్కూల్ పిల్లల నాటిక. క్రీస్తు పుట్టుక కథ బెత్లెహేములో జరిగినా ఈ పల్లెలో గొల్లలు భుజాన వేసుకునేది గొంగడే. పక్కింటి కురుమ తాత తన గొంగళ్లు రెండు ఇచ్చాడు, గొర్రెపిల్లనూ ఇచ్చాడు. దాన్ని వేదిక మీదికి తీసుకెళ్లే వరకు తనే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ముగ్గురు జ్ఞానులు తెచ్చిన కానుకల్లో బంగారం పాత్రను పోషించింది అత్తమ్మ తోమి ఇచ్చిన ఇత్తడి చెంబు. సాంబ్రాణికి నిజమైన సాంబ్రాణే వేశారు, చర్చి అంతా పొగ కమ్మింది. థర్మకోల్ రెక్కల దేవదూత మాట మరచిపోతే ముందు వరుసలో కూర్చున్న తల్లులంతా ఒక్కసారిగా అందించారు. పాస్టర్ అయ్యగారు నడక వచ్చిన ప్రతి పిల్లకూ ఏదో ఒక వేషం ఇచ్చారు. మాటలు రాని చంటివాళ్లను నక్షత్రాలుగా నిలబెట్టారు.

నాటిక అయ్యాక క్యారల్స్ బృందం బయలుదేరింది. డప్పు, ఢోలక్, కంజీర. ఇంటింటి ముందు ఆగి ఒక పాట, ఒక ప్రార్థన, ఆ ఇంటివాళ్లిచ్చే టీ. మూడో వీధి తిరిగేసరికి చిన్నవాళ్లు బాబాయిల భుజాల మీద నిద్రపోయారు. మెలకువగా ఉన్నవాళ్లు డప్పు తమకిమ్మని పోటీపడ్డారు.

నిద్ర మాత్రం ఎవరికీ సరిగ్గా దక్కదు. రోమన్ కేథలిక్ చర్చిల్లో అర్ధరాత్రి పూజ ఉంటుంది, మెదక్ కేథడ్రల్‌లో తెల్లవారకముందే ఆరాధన మొదలవుతుంది. మేం వెళ్లేది అక్కడికే. చలిలో పిల్లలకు స్వెట్టర్ల మీద కొత్త బట్టలు తొడగాలో, కొత్త బట్టల మీద స్వెట్టర్లు తొడగాలో తేలక కాసేపు గొడవ. కొత్త గౌను కనిపించకపోతే ఏడుపు. చివరికి తల్లులు స్వెట్టర్ గుండీలు విప్పి ఉంచడానికి ఒప్పుకున్నారు.

చీకట్లో దీపాలతో నిలిచిన 175 అడుగుల కేథడ్రల్ గోపురం ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. ఈ చర్చిని కట్టించినది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ. 1914లో పని మొదలై పదేళ్లకు పూర్తయింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చర్చి పుట్టినరోజూ క్రిస్మస్సే కావడం వల్ల ఇక్కడ పండుగకు ఇంకో అర్థం ఉంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, లోపల ఐదువేల మందికి చోటు. ఈ కొలతల కంటే దీన్ని కట్టిన కాలం ముఖ్యం. చుట్టుపక్కల పల్లెలు కరువుతో అలమటిస్తున్నప్పుడు ఈ కట్టడం వేలమందికి పని ఇచ్చి, పనికి తిండి ఇచ్చింది. బావ వాళ్ల ముత్తాత ఇక్కడ రాళ్లు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. బూడిదరంగు రాతి స్తంభాన్ని అరచేత్తో తడుముతూ తాత ఆ సంగతే మనవలకు చెప్పారు.

"ఈ రాయేనా తాతా?" అని అడిగింది నక్షత్రానికి పుల్లలు పెట్టిన పిల్ల.

"ఏ రాయో ఎవరికెరుక బిడ్డా, ఏదో ఒకటి మనదే" అన్నారాయన.

ఆరాధన అయ్యాక బయట జాతరే. బొమ్మలు, బుడగలు, మిర్చి బజ్జీలు, కొవ్వొత్తులు. కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. క్రైస్తవులతో పాటు హిందువులూ వస్తారు. వాళ్లలో కొందరు అదే ప్రయాణంలో మంజీర ఒడ్డున ఏడుపాయల వనదుర్గమ్మనూ దర్శించుకుంటారు.

ఇంటికి తిరిగొచ్చేసరికి బగారన్నం, మటన్ కూర వాసన వాకిట్లోకి వచ్చేసింది. కానీ పిల్లలకు భోజనానికి ముందు ఇంకో పని మిగిలి ఉంది. గరిజెలు, గులాబీ పువ్వులు, కేకు ముక్కలు సర్దిన పళ్లేలకు రుమాలు కప్పి వీధిలో ప్రతి ఇంటికీ వాళ్లే పంచాలి. గొంగళ్లిచ్చిన కురుమ తాత ఇంటికి అన్నిటికంటే పెద్ద పళ్లెం వెళ్లింది. ఈ పళ్లేలు ఖాళీగా తిరిగి రావు. కొన్నింటిలో బెల్లం ముక్క, కొన్నింటిలో చిక్కుడుకాయలు వచ్చాయి. అసలు బాకీ సంక్రాంతికి సకినాలతో తీరుతుందని అత్తమ్మ చెప్పారు.

పిల్లల్ని తీసుకుని మెదక్ వెళ్లేవారికి ఒక మాట. తెల్లవారుజామున ఆరాధన చూసుకుని వెంటనే తిరుగుముఖం పట్టకండి. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలు లోపల ఉన్నాయి. ఆరోహణ దృశ్యం 1927 నాటిది, క్రీస్తు జననం 1947ది, సిలువ దృశ్యం 1958ది. వాటి రంగులు బయటి వెలుగు పడితేనే తెలుస్తాయి, చీకట్లో అద్దం నల్లగానే ఉంటుంది. పొద్దెక్కే దాకా ఆగి పిల్లల్ని ముందుగా జననం కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. ముందురోజు నాటికలో గొల్లవేషం వేసినవాళ్లు అందులో గొల్లల్ని తామే వెతికి పట్టుకుంటారు. పండుగ రోజు రద్దీలో చంటిపిల్లలతో కష్టమనిపిస్తే 26న వెళ్లండి.