రాజు బరువైన ఆట

ముక్కలాట అనగానే మనవాళ్ళకు మొదట గుర్తొచ్చేది పదమూడు ముక్కల రమ్మీ. అమెరికా చేరాక నేను పోకర్ నేర్చుకున్నాను. 2003లో క్రిస్ మనీమేకర్ అనే ఒక అకౌంటెంటు ప్రపంచ పోటీలో పాతిక లక్షల డాలర్లు గెలిచినప్పటినుంచీ పోకర్ అంటే టెక్సస్ హోల్డెమ్ ఒక్కటే అన్నట్టుగా ఉండేది. శుక్రవారం రాత్రుళ్ళు ఒక మిత్రుని ఇంట అదే ఆడుతూ, ఏడాది తిరిగేసరికి నాకు పోకర్ వచ్చేసిందని గట్టిగా నమ్మాను.

ఒకనాడు ఆ మిత్రుడు, ముక్కలు పంచేవాడే ఏ ఆటో నిర్ణయించాలని కొత్త నియమం పెట్టాడు. మొదటి వంతు ఒమాహాది. చేతికి రెండు బదులు నాలుగు ముక్కలు. వాటిలో నాకు ఇస్పేటు ఆసు వచ్చింది. బల్లమీద నాలుగు ఇస్పేట్లు పడ్డాయి. ఇక నాకు తిరుగేముంది? ఉన్నదంతా ముందుకు తోశాను. కానీ ఒమాహాలో చేతిలోనుంచి సరిగ్గా రెండు, బల్లమీదనుంచి సరిగ్గా మూడు ముక్కలే వాడాలి. నా చేతిలో ఉన్న ఇస్పేటు ఒక్కటే! నియమం ముందే చెప్పారు, విన్నాను కూడా. అయినా నా కళ్ళు హోల్డెమ్‌నే చూశాయి. ఆ ఒక్క ఆటలో పోయినవి నూట ఎనభై డాలర్లు.

పంతం పట్టి తక్కిన ఆటలూ మొదలుపెట్టాను. వాటిలో మనసుకు పట్టింది రాజ్. ఇందులో చిన్న ముక్కలదే గెలుపు. ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు వస్తే అంతకు మించిన చెయ్యి లేదు. జత పడితే నష్టం, రాజు వస్తే బరువు. ఏడు ముక్కల్లో నాలుగు అందరికీ కనిపించేలా పంచుతారు. ఎవరైనా మధ్యలో ఆట వదిలేస్తే వారి ముక్కలు బోర్లా పడిపోతాయి. అంతకుముందు కనిపించినవేమిటో గుర్తుంచుకోవలసింది మనమే. హోల్డెమ్‌లో ఆ అవసరమే లేదు. బల్లమీది ముక్కలు చివరిదాకా అక్కడే ఉంటాయి.

మొన్న వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు నాన్నగారికి ఈ ఆట చెప్పాను. ఆయన ఏళ్ళ తరబడి అరుగుమీద రమ్మీ ఆడినవారే గాని, ఏనాడూ పైసా పెట్టనిచ్చినవారు కారు. నేను డబ్బు పెట్టి ఆడతానని ఆయనకు తెలియదు. బాబాయి, పక్కింటి మాస్టారు కూడా కూర్చున్నారు. తలా యాభై చింతపిక్కలు.

నియమాలు రెండోసారి చెప్పవలసిన పని పడలేదు. "బొమ్మలు వదిలించుకోవడమేగా, ఇందులో కొత్తేముంది?" అన్నారు నాన్నగారు. బాబాయి, మాస్టారు ఆట వదిలేశాక మేమిద్దరం మిగిలాం. నాలుగు పడితే గెలుపు నాదే. పిక్కలన్నీ పెట్టేశాను. పడలేదు.

"నాలుగు కోసమేగా? ఒకటి బాబాయి దగ్గర పోయింది, ఒకటి మాస్టారి దగ్గర. ఇదిగో, నా ముందే ఒకటుంది. ఇంకెక్కడినుంచి వస్తుందిరా?" అన్నారు.

చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుంటే, పారేసిన ముక్కల్ని చూడమని చెవిలో చెప్పేవారు. ఆ ఒక్కటీ నేను అమెరికాకు తీసుకుపోలేదు.

పిక్కలు పోగు చేస్తూ, "అక్కడ డబ్బు పెట్టే ఆడతావా?" అని అడిగారు. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఒమాహా సంగతి, నూట ఎనభై డాలర్లతో సహా, చెప్పేశాను. బాబాయి తల వంచుకుని పేక కలుపుతున్నాడు.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నియమం విని కూడా చూడకుండా పెట్టావన్నమాట" అన్నారు. డబ్బు పోయినదానికంటే ఆయనకు అదే ఎక్కువ కష్టం కలిగించినట్టుంది. నాకూ అంతే.

కాసేపయ్యాక పేక నా చేతికిచ్చి, "ఏదీ, ఆ నాలుగు ముక్కలది ఎలా ఆడతారో చెప్పు" అన్నారు.